గీకిన రేకు బొమ్మలాయన

ఆయన పెద్దకర్మకు డబ్బాలు కావాలని చెప్పడానికి వాళ్ళావిడ మా దుకాణం మెట్లెక్కి వచ్చి, ఆ మాట చెప్పకుండా చాలాసేపు నిలబడింది. ఇలా వచ్చినవాళ్ళకు నేనే మాట అందిస్తాను. కర్మకు వచ్చిన చుట్టాల చేతిలో ఒక స్టీలు డబ్బానో గిన్నెనో పెట్టి పంపడం మా వైపు రివాజు. దాని మీద పోయినవారి పేరు, పేరు కింద 'జ్ఞాపకార్థం' అన్న మాట ఉండాలి. అశ్వారావుపేట బజారులో స్టీలు సామాను అమ్ముకునేదాన్ని, ఆ మాట మిషనుతో ఎన్ని గిన్నెల మీద కొట్టానో నాకే తెలియదు. చేయి దాని పని అది చేసుకుపోతుంది, మనసు దాకా ఏమీ పోదు. ఆ రోజు మాత్రం అలా కాలేదు.

"ఏ డబ్బాలు తియ్యమంటవు వదినా?" అన్నాను.

"ఏవైనా సరే. పేరు మాత్రం మంచిగ కనపడాలె" అంది.

ఆ పేరు నేనిక్కడ రాయను. డబ్బాల మీద కొట్టక తప్పలేదు, కాగితం మీద కూడా పెట్టి ఆ మనిషిని మళ్ళీ ఇబ్బంది పెట్టలేను. తన పేరు ఎక్కడైనా కనిపిస్తే ఆయనకు చెవులు ఎర్రబడేవి. మా కొట్టుకు ఎదురుగా దుకాణం తెరిచిన రోజు బోర్డు రాసేవాడు నిచ్చెన మీద నుంచి, "ప్రొప్రయిటరు పేరు చెప్పన్నా" అని అరుస్తుంటే, ఈయన కింద నిలబడి, "వద్దులే తమ్మీ, చోటు సాలదు" అంటున్నాడు. బోర్డులో సగం ఖాళీగానే ఉంది. 'లోహ చిత్రాలు' అన్న మాట ఒక పక్కకు ఒదిగి, ఎవరికో దారి ఇస్తున్నట్టు ఉండిపోయింది.

లోహ చిత్రాలు అంటే ఏమిటో మా బజారులో ఎవరికీ తెలియదు. నేను బేరాల్లేని పూట చూసి రోడ్డు దాటి వెళ్ళాను. గోడల నిండా రేకులు. రేకుల మీద బొమ్మలు. ఏవో దేశాల్లో ఎప్పుడో పోయిన పెద్ద పెద్ద చిత్రకారులు వేసినవట. పడవలు కట్టేసిన రేవులు, పండిన చేల మీద మబ్బులు, కిటికీ దగ్గర కూర్చున్న ఆడమనుషులు. వాటిని సీడీలో పెట్టి హైదరాబాదు పంపితే, అక్కడ ఒక పెద్ద మిషను మీద రేకుకు ఎక్కించి, పాత పేపర్లలో చుట్టి బస్సు పార్సిలులో పంపేవారు. వెనక చెక్క బిగించి గోడకు తగిలించడం ఈయన పని.

"రేకేందన్నా, గీకినట్టున్నది?" అన్నాను. దగ్గరికి పోయి చూస్తే రేకు పొడుగునా వెంట్రుకల్లాంటి గీతలు.

"గీకిందే చెల్లె. కావాలనే గీకుతరు. నున్నగుంటే అద్దం లెక్క మన మొకమే కనపడుతది. బొమ్మ కనపడదు."

"మరి ఈ తెలుపు?"

"తెల్లరంగు అసలే వెయ్యరు. తెల్లగ ఉండాల్సిన కాడ రేకును ఇడిసిపెడుతరు. గా మబ్బు జూడు. అది రంగు గాదు, వట్టి రేకు."

చెబుతున్నంతసేపు ఆయన నా వైపు కాకుండా గోడ వైపే తిరిగి ఉన్నాడు. బాగున్నాయన్నా అన్నాను. అంతే, ఆయనకు చెవులు ఎర్రబడ్డాయి. నోటికి చేయి అడ్డం పెట్టుకుని, "ఇందుల నాదేముంది చెల్లె. బొమ్మ వాళ్ళది, రేకు కంపెనీది, రంగు మిషనుది" అన్నాడు. ఆ తర్వాత ఆ మాట ఎన్నిసార్లు విన్నానో. ఎవరు మెచ్చుకున్నా అదే. టీ బాగుంది అంటే కూడా, ఇందుల నాదేముంది అనే రకం. "టీ నువ్వే పెట్టినవు కదన్నా" అని నేను ఏడిపించేదాన్ని. ఒకసారి నిజంగానే తలవంచుకుని, "పొడి మంచిది" అన్నాడు.

బజారుకు 'లోహ చిత్రాలు' నోరు తిరగలేదు. 'గీకిన రేకు బొమ్మలాయన' అని పేరు పెట్టారు. ఆ పేరుకు మాత్రం ఆయన సిగ్గుపడలేదు, అందులో ఆయన పేరు లేదు కాబట్టి.

నడక కూడా అలాగే ఉండేది. రోడ్డు అంచున, మోరీ పక్కన నడిచేవాడు. బొమ్మను ఎక్కడికైనా తీసుకుపోవాలంటే దాని ముఖం తన రొమ్ముకు ఆనించుకుని, పైన తువ్వాలు కప్పుకుని పోయేవాడు. "ఎవలన్న చూస్తే కొంటరు కదన్నా, ఇటు తిప్పి పట్టుకో" అంటే, "బజార్ల అడ్డం పెట్టినట్టుంటది చెల్లె" అనేవాడు. దుకాణం పెట్టుకున్న మనిషి అనవలసిన మాటేనా అది.

అయినా బొమ్మలు పోయేవి. అప్పట్లో పామాయిల్ తోటల మీద నాలుగు రాళ్ళు చూసినవాళ్ళు కొత్త ఇళ్ళు కడుతున్నారు. గృహప్రవేశానికి దేవుడి పటం ఇస్తే అప్పటికే ఇంకెవరో ఇచ్చి ఉంటారు, గోడ గడియారం ఇస్తే నవ్వుతారు. రేకు బొమ్మ కొత్తగా ఉండేది. ఆయన చెప్పే ఒక్క మాట కూడా వాళ్ళకు నచ్చేది. "చెదలు పట్టదు. వానకు నానదు." మా వైపు ఇళ్ళల్లో చెదల బాధ తెలిసినవాళ్ళకు అంతకంటే ఏం చెప్పాలి.

కాని కానుక అన్నాక దాని మీద ఇచ్చినవారి పేరు ఉండాలి కదా. స్టీలు బిందె ఇచ్చినా, ఇత్తడి చెంబు ఇచ్చినా పేరు కొట్టించి ఇవ్వడం మాకు పుట్టినప్పటి నుంచీ అలవాటు. బొమ్మ కొన్న మనిషి తిన్నగా రోడ్డు దాటి మా కొట్టుకు వచ్చేవాడు. మొదటిసారి పడవల బొమ్మ తెచ్చి, ఆకాశంలో మొగుడూ పెళ్ళాల పేర్లు, కింద 'శుభాకాంక్షలతో' కొట్టమన్నారు. ఈయన వాళ్ళ వెనకే వచ్చి నిలబడ్డాడు.

"మూలకు వెయ్యి చెల్లె. జర కిందికి" అన్నాడు మెల్లగా.

"మూలకేస్తే ఎవలకు కనపడుతది? నడిమిట్ల వెయ్యమ్మా" అన్నాడు కొన్నాయన.

నేను నడిమిట్ల వేశాను. మిషను గుర్రుమంటుంటే ఈయన అటు తిరిగి నిలబడి, మా కొట్టులో వేలాడుతున్న గరిటెలను ఒక్కొక్కటీ ముట్టుకుంటూ ఉన్నాడు. తర్వాత ఎవరొచ్చినా, మూలకు వెయ్యి అని ఒకసారి అనేవాడు, కాదంటే ఊరుకునేవాడు. గట్టిగా చెప్పడం ఆయనకు చేత కాదు.

ఇంకో గొడవ తోముడు. ఆ రేకు మీది గీతలు చూస్తే మా ఆడవాళ్ళకు చేతులు ఊరుకోవు. సరిగ్గా తోమని గిన్నెలా కనిపిస్తుంది అది. పండగొచ్చిందంటే సామానంతా వాకిట్లో వేసి చింతపండు, బూడిద పెట్టి తోముతారు కదా, బొమ్మనూ వాటిలోనే వేసేవారు. పెనుబల్లి నుంచి ఒకావిడ ఒక రేకు తెచ్చి, "నాలుగు రుద్దులకే రంగు పోయింది, గిదేం సరుకు" అని దులిపేసింది. ఆ రేకు మీద ఒకప్పుడు కిటికీ దగ్గర కూర్చున్న అమ్మాయి ఉండేదట. ఇప్పుడు కిటికీ కూడా లేదు. ఈయన చేతులు కట్టుకుని, "ముందుగాల చెప్పకపోవుడు నాదే తప్పమ్మా" అని ఇంకో బొమ్మ ఇచ్చి పంపాడు. ఆ రోజు నుంచి కొన్న ప్రతివాళ్ళకూ, "తోమొద్దమ్మా, తడిబట్టతోని తుడిస్తె సాలు" అని చెప్పేవాడు. అందరూ తల ఊపేవారు. అలా తల ఊపినవాళ్ళ చేతులు ఏం చేస్తాయో నాకు తెలుసు, నేనూ ఆడదాన్నే.

ఒకరోజు మధ్యాహ్నం చల్ల ఇద్దామని వెళ్ళి, గోడ చివర తలుపు చాటున ఒక కొత్త బొమ్మ చూశాను. మెట్ల మీద ఒక ఆడమనిషి కూర్చుని ఉంది. అడవి ఊరి మనిషి, కోయామె. సంత రోజు మా కొట్టుకు వస్తారు వాళ్ళు. పళ్ళేన్ని ఎడమచేతి వేళ్ళ కొసల మీద నిలబెట్టి, కుడిచేతి గోటితో అంచు మీద కొట్టి, చెవి వంచి వింటారు. మోత నచ్చితేనే తీసుకుంటారు. బొమ్మలో ఆమె కొట్టబోతూ ఉంది. చెవి వంచింది, వేలు ఎత్తింది, ఇంకా తగల్లేదు. వెనక నీలం తలుపు. మిగతా అంతా రంగు, ఆమె చేతిలో పళ్ళెం ఒక్కటే వట్టి రేకు. బయటి వెలుగు పడి ఆ పళ్ళెం నిజంగానే మెరుస్తోంది.

"ఇవి మా మెట్లే కదన్నా" అన్నాను. "తలుపు మాదే. గా పెచ్చు ఊడిన కాడ గూడ అట్లనే ఉన్నది."

ఆయన చల్ల గ్లాసు కింద పెట్టాడు, మళ్ళీ ఎత్తాడు.

"ఎవరేసిండ్రన్నా? పరాయి దేశపాయన మా మెట్ల కాడికి ఎప్పుడొచ్చిండు?"

"ఇందుల నాదే..." అని మొదలుపెట్టి ఆగిపోయాడు. ఆ మాట సగంలో ఆగడం నేను వినడం అదే మొదటిసారి. చెవులు ఎర్రబడ్డాయి, మెడ ఎర్రబడింది, దొంగతనం చేసి దొరికినవాడిలా కూలబడ్డాడు. ఎప్పుడో కాగితం మీద వేశాడట. అసలు బొమ్మను చెదలు తినడం మొదలుపెడితే, ఉన్నంత మటుకు సీడీకి ఎక్కించి, పెద్దవాళ్ళ బొమ్మలతో కలిపి హైదరాబాదు పంపాడట. వాళ్ళ నడుమ తనది పెట్టినందుకు కూడా ఆయనకు సిగ్గే.

"ఎవ్వలకు చెప్పకు చెల్లె. మా ఇంట్ల గూడ తెల్వదు."

"ఎందుకన్నా? నువ్వేసినవని చెప్తే ఒక్కరోజుల పోతది."

"అట్ల పోవద్దు. నాదని తెలిస్తె మోమాటానికి కొంటరు. తెల్వనోళ్ళు ఎవరన్న చూసి, బాగున్నదని వాళ్ళంతల వాళ్ళు తీస్కోవాలె. ఒక్కలు తీస్కున్న సాలు."

నేను సరే అన్నాను. ఆ తర్వాత ఆ బొమ్మ పోతుందా లేదా అన్నది నా పని కూడా అయిపోయింది. మా గల్లాపెట్టె దగ్గర కూర్చుంటే ఆయన దుకాణం లోపలి దాకా కనిపిస్తుంది. కొనేవాళ్ళు గోడ వెంబడి ఒక్కో బొమ్మా చూస్తూ పోతుంటే నాకు గిన్నెల మీద ధ్యాస ఉండేది కాదు. చివరి దాకా వచ్చేవారు, ఆగేవారు, వెనక్కి తిరిగేవారు. ఒకావిడ ఆగి, "పనిమనిషి బొమ్మ ఇంట్ల పెట్టుకుంటరా ఎవరన్న?" అని నవ్వింది. ఇంకొకాయన, "గీమె ప్రతి సంతల కనపడుతది, గోడకెందుకు?" అన్నాడు. ఈయన కూడా వాళ్ళతో పాటు నోటికి చేయి అడ్డం పెట్టుకుని నవ్వేవాడు. ఆ నవ్వు చూస్తే నా ప్రాణం చివుక్కుమనేది.

మరి నువ్వు కొనకపోయావా అని అడగవచ్చు ఎవరైనా. నేను కొంటే మొహమాటమే అవుతుంది, ఆయనకు అక్కర్లేనిదే అది. ఈ సాకు నాకు చాలా రోజులు పనికొచ్చింది. నిజం చెప్పాలంటే మా ఇంట్లో హంసల బొమ్మ ఉంది, అది ఆయన దగ్గర మేం కొనుక్కున్నదే. మా తోటికోడలు వచ్చి, మీ హాల్లో ఈమె ఎవరు అని అడిగితే ఏం చెప్పాలి అన్న ఆలోచన నాకూ వచ్చింది. రాలేదని అనను. వాళ్ళను చూసి ప్రాణం చివుక్కుమన్నదాన్ని, నాలోనూ అదే ఉందని తెలిసినప్పుడు తల కొట్టేసినట్టయింది.

ఆ బొమ్మను చూసి సంతోషపడిన మనిషిని ఒక్కరినే చూశాను. సంత రోజు ఇద్దరు కోయ ఆడవాళ్ళు మా మెట్ల మీద నుంచి దిగి, ఎదుటి దుకాణంలోకి తొంగిచూశారు. ఒకామె లోపలికి పోయింది. బొమ్మ ముందు నిలబడి రెండో ఆమెను పిలిచి, వాళ్ళ భాషలో ఏదో చెప్పింది. ఇద్దరూ నవ్వారు. తర్వాత ఆమె చేయి చాపి, బొమ్మలో పళ్ళెం మీద గోటితో కొట్టింది.

"ఇది మోగదేంది?" అంది.

"బొమ్మల పళ్ళెం ఎట్ల మోగుతదమ్మా" అన్నాడు ఈయన, గోడకు అతుక్కుపోయి.

"వేలేమో మోగిచ్చినట్టే పెట్టినవు కద."

ఆమె అంతటితో ఊరుకోలేదు, మళ్ళీ మా కొట్టుకు వచ్చి, "గా బొమ్మల ఆమెకిచ్చినవే, గసొంటి పళ్ళెం తియ్యమ్మా" అంది. ఆ సైజు వెతికి ఇచ్చాను. వేళ్ళ కొసల మీద పెట్టుకుని, చెవి వంచి, ఖంగుమనిపించి తీసుకుపోయింది. ఎదురుగా ఈయన తలుపు పట్టుకుని చూస్తున్నాడు. ఆ రోజంతా మనిషి నేల మీద లేడు. "నీ బొమ్మ నాకు పళ్ళెం అమ్మి పెట్టిందన్నా" అంటే, "ఇందుల నాదేముంది" అన్నాడు గాని, ఆ రోజు ఆ మాట నవ్వుతూ అన్నాడు.

తర్వాత చాలా నెలలకు, ఒక సాయంత్రం ఆయన రోడ్డు దాటి మా వైపు రావడం చూశాను. చేతుల్లో బొమ్మ ఉంది. తువ్వాలు లేదు. బొమ్మ ముఖం బయటికి ఉంది. నడిరోడ్డు మీద, ట్రాక్టరు హారన్ కొడుతుంటే కూడా పక్కకు తప్పుకోకుండా, మా మెట్ల మీది మనిషిని అందరికీ చూపిస్తూ వస్తున్నాడు. నాకు కళ్ళలో నీళ్ళు తిరిగాయి. పోయింది, ఎవరో తీసుకున్నారు అనుకున్నాను.

తీసుకున్నాయన ముందు నడుస్తున్నాడు. కోస్తా నుంచి వచ్చి తోటలు పెట్టుకున్న ఆసామి, మెత్తని మనిషి, మాకు తెలిసిన బేరమే. దమ్మపేట రోడ్డులో వాళ్ళ బావమరిది ఇల్లు కట్టాడు, గృహప్రవేశం.

"మా ఇద్దరి పేర్లు వెయ్యాలండీ దీని మీద" అన్నాడు.

"వెనక వెయ్యమంటరా?" అన్నాను, ముందే తొందరపడి.

"వెనకేస్తే ఎవరికి కనపడుద్దండీ? ఆ పళ్ళెం ఖాళీగా ఉంది కదా, అందులో వెయ్యండి. అసలు అందుకేనండీ ఇది తీసుకుంది. మొన్న మా అక్క ఇచ్చిన దాంట్లో పేర్లు ఆకాశంలో కలిసిపోయాయి. మిగతావన్నీ చూశాను, వేటిలోనూ ఇంత చోటు లేదు."

నేను ఈయన వైపు చూశాను. బొమ్మను ఇంకా పట్టుకునే ఉన్నాడు. ముఖంలో ఏమీ మారలేదు, చెవులు మాత్రం తెల్లబడ్డాయి. చెప్పనా అన్నా, అని కళ్ళతోనే అడిగాను. వద్దని తల ఊపాడు.

"కరెంటు లేదండీ" అన్నాను ఆసామితో.

ఆయన తలెత్తి చూశాడు. నా నెత్తి మీద ఫ్యాను గిర్రున తిరుగుతోంది. ఆ క్షణంలో నా ముఖం ఎలా ఉందో నాకు తెలియదు. ఆయన మర్యాదస్తుడు, చూపు దించుకున్నాడు.

"ఇటియ్యి చెల్లె, నేనేస్త" అన్నాడు ఈయన.

బొమ్మను బల్ల మీద పరిచి, మిషను నా చేతిలోంచి తీసుకుని వంగాడు. పేర్లు పళ్ళెం నడుమ వేయలేదు. మన ఇళ్ళల్లో పళ్ళాలకు పేరు ఎక్కడ ఉంటుందో అక్కడ, అంచు వెంబడి, పళ్ళెం ఎటు వాలితే అటు వాలుతూ, ఎటు వంగితే అటు వంగుతూ, ఒక్కో అక్షరమే వేసుకుంటూ పోయాడు. ఆమె వేలు కిందికి వచ్చేసరికి అక్షరాలు చిన్నవయ్యాయి. వేలు దాటాక మళ్ళీ పెరిగాయి. అయిపోయాక చూస్తే, పేరు కొట్టిన పళ్ళేన్నే ఆమె చేతిలో పెట్టుకుని మోగిస్తున్నట్టుంది. నేను జన్మలో అంత మంచి పేరు కొట్టలేదు, కొట్టలేను.

ఆసామి కళ్ళజోడు సవరించుకుని చూశాడు. "అక్షరాలు వంకరగా వచ్చాయేంటండీ?" అన్నాడు.

"తప్పైంది సార్. నాకు అలవాటు లేదు" అన్నాడు ఈయన.

ఒక్క మాట చెబితే పోయేదానికి, చెప్పవద్దన్న మనిషి పక్కనే ఉన్నాడు. ఆసామి సరేలెండి అని బొమ్మను చంకలో పెట్టుకుని వెళ్ళిపోయాడు. ఈయన మిషను మీద పడిన రేకు పొడిని చొక్కా అంచుతో తుడిచి నా చేతికిచ్చాడు.

"మంచి మిషను చెల్లె" అన్నాడు. "పేరున్న పళ్ళెం గదా, ఇగ ఎవ్వలు ఎత్తుకపోరు."

తర్వాత ఆ బొమ్మ మాట మా మధ్య రాలేదు. దుకాణం మెల్లగా ఎత్తేసి, ఇంటి దగ్గరే ఫోటోలకు ఫ్రేములు కట్టుకున్నాడు. బజారులో కనిపిస్తే మోరీ అంచు నుంచే చేయి ఎత్తేవాడు. పోయాడన్న కబురు తెలిసినప్పుడు నాకు ముందుగా జ్ఞాపకం వచ్చింది, ఆయన నడిరోడ్డు మీద బొమ్మ బయటికి తిప్పి పట్టుకుని వచ్చిన ఆ కాసేపు.

డబ్బాల మీద పేరు కొట్టే ముందు ఒకసారి ఆ పళ్ళెం మీద ఆయన వేసిన అక్షరాలు చూసి రావాలనిపించింది. కొత్త కుక్కర్లు వచ్చాయని చెప్పే మిషతో దమ్మపేట రోడ్డులో ఆ ఇంటికి పోయాను. ఇంటావిడ కలుపుగోలు మనిషి, కూర్చోబెట్టి మంచినీళ్ళిచ్చింది. హాల్లో టీవీ మీద రేకు తగిలించి ఉంది.

నేను మొదట అది వేరేదనుకున్నాను. రేకు అంతా తెల్లగా తళతళలాడుతోంది. మనిషి లేదు. మెట్లు లేవు. ఒక మూల కొంచెం నీలం మరక, అది మా తలుపు. కింద మట్టిరంగు చార ఒకటి, పాదం అయి ఉంటుంది. నడుమ, గాలిలో, వంపు తిరిగిన అక్షరాలు మాత్రం చెక్కు చెదరకుండా ఉన్నాయి. పళ్ళెం లేకపోయినా పళ్ళెం అంచు అక్కడ ఉందని ఆ అక్షరాలను బట్టి తెలుస్తోంది.

"పండక్కి పండక్కి చింతపండేసి తోముతానండీ" అంది ఆవిడ మురిసిపోతూ. "ఇచ్చినప్పుడు మడ్డిగా ఉండేది. ఇప్పుడు చూడండి ఎలా మెరుస్తుందో. పేర్లు మాత్రం ఎంత తోమినా పోలేదు. ముందు దీంట్లో ఏదో బొమ్మ ఉండేది, మీకేమైనా గుర్తుందా?"

"మా కొట్టు మెట్ల మీద ఒకామె కూర్చుని పళ్ళెం మోగిచ్చి చూస్తాంటదమ్మా" అన్నాను.

"మీ కొట్టా? అయితే మీరే వేయించారా?"

"నాదేం లేదమ్మా ఇందుల" అన్నాను. ఆయన మాట నా నోట్లోంచి వచ్చింది. ఆయన నోట అది సిగ్గు, నా నోట నిజం. ఇంక అక్కడ కూర్చోవడానికి ముఖం చెల్లక లేచి వచ్చేశాను. ఆవిడ తప్పేముంది. మెరిసేదాన్ని ఇంకా మెరిపించాలనుకుంది. గోడ మీది మనిషి ఒక్కొక్క పండక్కి కొంచెం కొంచెంగా పోతుంటే ఆ ఇంట్లో ఎవరికీ తెలియలేదు, అంతే. మా హంసల బొమ్మకు నేను ఏనాడూ చింతపండు పెట్టలేదు, తోమవద్దని ఈ ఇంటికి వచ్చి ఒక్క మాట చెప్పనూ లేదు. అది అప్పుడు తట్టి ఇంకా సిగ్గేసింది.

డబ్బాల మీద పేరు మూత నడుమ కొట్టలేదు. అంచు వెంబడి, అంచు ఎటు తిరిగితే అటు తిప్పుతూ ఆయన వేసినట్టు వేద్దామని చూశాను. ఆయన అంత బాగా రాలేదు.

ఆయన భార్య డబ్బాల కోసం మళ్ళీ వచ్చింది. ఒకటి చేతిలోకి తీసుకుని అటూ ఇటూ తిప్పింది.

"పేరేది వదినా?"

చూపించాను.

"ఇంత అంచుకు కొట్టినవేంది?"

"అన్నకు సిగ్గు కద వదినా."

ఆవిడ ఆ అక్షరాల మీద బొటనవేలితో రాసింది. "అవ్. సిగ్గే" అంది. "నీకు ఎరుకనో లేదో, ఆయన సొంతంగ ఒక బొమ్మ వేసిండంట. దుకాణం ఎత్తేసినంక చెప్పిండు నాకు. ఎవలో ఆసామి తీస్కపోయిండంట. మోమాటానికి గాదంట వదినా. ఎవలు వేసిండ్రో గూడ తెల్వదంట గా ఆసామికి. ఉన్న బొమ్మలన్ని చూసి, గదే బాగున్నదని, గదే కావాలన్నడంట. మంచం పట్టినంక గూడ అదే మాట. నా బొమ్మ ఒకటి ఒకలింట్ల ఉన్నది, అని."

నేను సంచి వెతుక్కుంటున్నాను. సంచి నా చేతిలోనే ఉంది.

"నాకు చూపియ్యనీకె గూడ సిగ్గే ఆయనకు. నేను చూడనే లేదు. నువ్వన్న చూసినవా?"

"చూసిన."

"ఎట్లున్నది వదినా?"

"మెరుస్తాంది" అన్నాను.

ఆవిడ ముఖం విప్పారింది. అది చూడలేక, తల వంచుకుని డబ్బాలు సంచిలో సర్దాను. ఆవిడ సంచి పట్టుకుని మా మెట్లు దిగి వెళ్ళిపోయింది. ఆ పూటంతా నేను ఆ మెట్ల వైపు చూడలేదు.